తుడిచిన పలకలు

ఊళ్లో అందరి అభిప్రాయమూ అడిగి తెలుసుకునే మొగుడు ఇంట్లో పెళ్లాన్ని మాత్రం ఇవాళేం వండుదామని కూడా అడక్కపోతే కడుపు మండదా చెప్పండి? గిద్దలూరు నుంచి మార్కాపురానికి కాపురానికొచ్చిన శ్రీశైలమ్మకు అట్లాగే మండింది.

ఆమె భర్త కరుణాకరం కాలేజీలో ఎకనామిక్సు చెబుతాడు. అరవై ఆరులో రూపాయి విలువ తగ్గించారు కదా, అప్పట్నుంచి ఆయనకు ఒకటే ధ్యాస. ఎక్కడో వాషింగ్టన్‌లో కూర్చున్న అంతర్జాతీయ ద్రవ్యనిధి వాళ్లు పట్టుబడితే ఇక్కడ మన రూపాయి తగ్గిందంటున్నారు. వాళ్లకు మనం ఓటెయ్యలేదే, మరి ఆ అధికారం ఎవరిచ్చారు? దీనిమీద పరిశోధన చేస్తానని కూర్చున్నాడు. పరిశోధనకు ఒప్పుకోవాల్సిన తిరుపతి యూనివర్సిటీ ప్రొఫెసరుగారు, "ముందు జనం మాట తెచ్చి చూపించు, అప్పుడు చూద్దాం" అన్నారు. ఆదివారం ఆయనే మార్కాపురం వస్తున్నారు. ఆయన ఊఁ అనకపోతే పరిశోధన అక్కడితో సరి.

మార్కాపురంలో జనం మాట ఎక్కడ దొరుకుతుంది? పలకల కార్ఖానాలో. అంచులు విరిగాయని పక్కన పడేసిన పలకలు తీసుకుని, పనిచేసే ఆడవాళ్లకు తలా ఒకటి ఇచ్చాడు కరుణాకరం. "రూపాయి తగ్గించే ముందు మిమ్మల్నెవరన్నా అడిగినారా?" అడిగితే నిలువు గీత, అడగకపోతే ఇంటూ. అక్షరాలొచ్చినవాళ్లు బలపంతో ఒక మాట కూడా రాశారు. పలకలన్నీ బండిమీద ఇంటికి చేరాయి.

ఇంక చూడండి, ఆ సాయంత్రం నుంచి ఇంట్లో ఒకటే సుబ్బులు పాట. "పలకలు నునుపు చేసే సుబ్బులు లేదూ, ఏం రాసిందో చూసినావా? 'మా కూలీ మా చేతిలో లేదు, మా రూపాయీ లేదా' అంట! అబ్బ, ఏం తెలివి!"

పోయిన నెల కిరసనాయిలు ధర గురించి శ్రీశైలమ్మ ఏదో చెప్పబోతే, "నీకు తెల్దులే, ఊరుకో" అన్న నోరే అది. ఆమెకు కుళ్లు పుట్టింది. కుళ్లంటే మామూలు కుళ్లు కాదు, అన్నం సయించని కుళ్లు.

శనివారం ఆయన కాలేజీకి వెళ్లగానే తడిగుడ్డ తీసుకుని వసారాలో కూర్చుంది. ముందు సుబ్బులు పలక తుడిచింది. ప్రాణం చల్లబడింది. అది చాల్లేదు, పక్కదీ తుడిచింది, దాని పక్కదీ తుడిచింది. చివరికి ఒక్క గీత మిగల్లేదు.

కరుణాకరం వచ్చి చూసి తిట్టనైనా తిట్టలేదు. గడప మీద కూలబడి, "రేపు నేనేం చూపించాల?" అన్నాడు. ఆ గొంతు విని శ్రీశైలమ్మ కొంగు బిగించింది. పలకలు బండికెత్తించి కార్ఖానాకు బయల్దేరింది.

"ఇవన్నీ నేనే తుడిచినాను. మళ్లీ రాసియ్యండమ్మా."

"ఎందుకు తుడిచినావు వదినా?" అడిగింది సుబ్బులు.

"మా ఆయన నిన్ను పొగిడినాడని. ఓర్చుకోలేక."

ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. సుబ్బులు మాత్రం నవ్వలేదు. "మా మాట తుడిచే ముందు మమ్మల్ని ఒక్క మాటన్నా అడిగినావా?" అంది.

శ్రీశైలమ్మకు చెంప ఛెళ్లుమన్నట్టయింది. అయ్యో, ఆ వాషింగ్టన్ వాళ్ల పనే తనూ చేసింది! సిగ్గుతో తలెత్తలేకపోయింది.

సుబ్బులే ముందు బలపం అందుకుంది. అందరూ మళ్లీ గీశారు. వెళ్లబోతుంటే సుబ్బులు ఇంకో విరిగిన పలక తెచ్చి శ్రీశైలమ్మ చేతిలో పెట్టింది. "నువ్వూ రాయి వదినా. ఆ రూపాయి నీది కూడా కదా."

ఆదివారం ప్రొఫెసరుగారు పలకలన్నీ తిప్పి తిప్పి చూసి, సరే కానివ్వమన్నారు. అన్నీ అంటే అన్నీ కావు లెండి. ఒకదాన్ని కరుణాకరం పొద్దున్నే తీసి గూట్లో బోర్లా పెట్టేశాడు. దానిమీద పెద్ద ఇంటూ ఉంది. కింద శ్రీశైలమ్మ రాసిన ముక్క ఉంది: "నన్ను మా ఇంట్లోనే అడగలేదు."

దాన్ని తుడవడానికి మాత్రం ఆయనకు చేతులు రాలేదు.