రాజలింగం సేటు ఇంటి పన్ను

ఎనభైల నడుమ ఒక జనవరిలో నన్ను వరంగల్‌కు రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. మున్సిపాలిటీలో ఆ పదవిలో ఉన్నవాడి పని ఇంటి పన్ను, నల్లా పన్ను రాబట్టడం. నా కింద బిల్ కలెక్టర్లు, అంటే ఇల్లిల్లూ తిరిగి పన్ను తీసుకుని రసీదు ఇచ్చేవాళ్లు. నా పైన కమిషనర్. ఆయన పైన మార్చి ముప్పై ఒకటి. మేమంతా దేవుడికన్నా ఆ తేదీకే ఎక్కువ భయపడేవాళ్లం.

అండర్ బ్రిడ్జి అవతలి వార్డుకు బిల్ కలెక్టర్ యాకూబ్ అలీ. ఏళ్ల తరబడి టెంపరరీగానే ఉన్నాడు. ఆ మార్చికి వసూలు బాగా చూపిస్తే పర్మినెంట్ చేస్తానని కమిషనర్ మాటిచ్చారు. చూపించలేకపోతే ఆ పోస్టు ఇంకొకరికి పోతుంది. యాకూబ్ కుటుంబమంతా ఆ వసూలు మీదే ఆశ పెట్టుకుని ఉంది.

సరిగ్గా అప్పుడే మున్సిపల్ ఎన్నికలు వచ్చాయి. ఆ వార్డులో ప్రతిపక్షం తరఫున బియ్యం వ్యాపారి రాజలింగం సేటు నిలబడబోతున్నాడు. జీపుకు మైకు కట్టి, "మేం గెలిస్తే ఇంటి పన్ను సగమే" అని ఊదరగొట్టడం మొదలుపెట్టాడు. ఇంటి పన్ను అద్దె విలువను బట్టి వేస్తారు. తగ్గించాలంటే కౌన్సిల్ తీర్మానం కావాలి, ఆపైన సర్కారు ఒప్పుకోవాలి. ఒక వార్డు మెంబరు వల్ల అయ్యే పని కాదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, సేటు నామినేషన్ కూడా వేయకముందే సగం పన్ను రద్దు చేసేశాడు.

తమాషా ఏమిటంటే, వార్డులో ఆ మాట నమ్మినవాడు ఒక్కడూ లేడు. కానీ పన్ను కట్టడం మాత్రం అందరూ ఆపేశారు. యాకూబ్ ఏ గుమ్మం ముందు నిలబడినా "ఎలక్షన్ కానియ్యి" అనే జవాబు. మిర్చి బజ్జీల బండి నడిపే కొమురమ్మ దగ్గరికి నేనే వెళ్లి, సేటు మాట నమ్ముతున్నావా అని అడిగాను.

"నమ్ముడేంది సారూ! పోయినసారి గా పార్టీవోళ్లే నల్లా నీళ్లు రెండు పూటలు ఇడుస్తమన్నరు. గెలిచినంక ఉన్న ఒక్క పూట గూడ బందైంది."

మరి కట్టేయవచ్చు కదా అన్నాను. ఆమె నూనెలో బజ్జీలు తిప్పుతూ, "ఒకవేళ తగ్గిందనుకో, ముందుగాల కట్టిన నేను పిచ్చిదాన్నైత. సేటు ఏం జేస్తే నేను గదే జేస్త" అంది. నేను ఒక ప్లేటు బజ్జీలు తిని వచ్చాను. వాటికి మాత్రం పూర్తి డబ్బులు తీసుకుంది.

బాకీ ఉన్న ఇళ్ల ముందు డప్పు కొట్టించడం మా పాత పద్ధతి. జనం సిగ్గుపడి కడతారని ఆశ. ఆ ఏడు ఎవరూ సిగ్గుపడలేదు. ఊరంతా బాకీ ఉంటే సిగ్గు ఎవరికి? దాంతో నాకొక ఆలోచన వచ్చింది. కట్టనివాళ్లను వదిలేసి, కట్టినవాళ్ల పేరు వాళ్ల ఇంటి ముందే మూడుసార్లు చాటించమన్నాను. డప్పు సారయ్య రెండు వారాలు డప్పు చంకన పెట్టుకుని యాకూబ్ వెంట తిరిగాడు. చాటడానికి ఒక్క పేరూ దొరకలేదు.

"కూలి ఇస్తాండ్రు గని కొట్టుడే లేదు సారూ, చేతులు గుంజుతానయి" అని నా దగ్గరకొచ్చి మొరపెట్టుకున్నాడు.

ఇంతలో నామినేషన్లు మొదలయ్యాయి. మున్సిపాలిటీకి బాకీ ఉన్నవాడి నామినేషన్ చెల్లదు. బాకీ లేదని మా ఆఫీసు సర్టిఫికెట్ ఇవ్వాలి. సేటు మూడేళ్లుగా పన్ను కట్టలేదు. ఆఫీసుకు వస్తే నలుగురూ చూస్తారని, యాకూబ్‌నే పెరటి గుమ్మం నుంచి రమ్మని కబురంపాడు. మూడేళ్లదీ పైసా తగ్గకుండా కట్టి, "యాకూబూ, గిది మన నడుమనే ఉండాలె" అన్నాడట. "ఫికర్ చెయ్యకుండ్రి సేటూ, నేనెవ్వరికి చెప్ప" అన్నాడట యాకూబ్.

నిజంగానే అతను ఎవరికీ చెప్పలేదు. కానీ గుమ్మం పక్కన నిలబడ్డ సారయ్య, యాకూబ్ పుస్తకంలోంచి రసీదు చింపి ఇవ్వడం చూశాడు. చుట్టూ తిరిగి వీధి వాకిలి ముందుకు వెళ్లి డప్పు అందుకున్నాడు.

"ఇనుండ్రహో! రాజలింగం సేటు ఇంటి పన్ను కట్టిండహో! మూడేండ్లది పూరా కట్టిండహో!"

సేటు ఉరికొచ్చి ఆపమన్నాడు. "సర్కారు ఆర్డరు సేటూ, మూడుసార్లు చాటాలె" అని సారయ్య మిగతా రెండుసార్లూ ఇంకా గట్టిగా చాటాడు.

మర్నాడు ఆఫీసు తలుపులు తీసేసరికి కొమురమ్మ కొంగున డబ్బు ముడేసుకుని మెట్ల మీద కూర్చుని ఉంది. "తగ్గిస్తనన్నోడే పూరా కట్టినంక ఇంక నేను దేనికాగుడు" అంది. ఆమె వెనకాలే వార్డంతా వచ్చింది. మార్చి దాటాక యాకూబ్‌కు పర్మినెంట్ ఆర్డరు నా చేతుల మీదుగానే ఇచ్చాను. నా ప్రమోషన్ నాడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు.

తన ఓట్లు నేను పోగొట్టానని సేటు ఆఫీసుకొచ్చి అరిచి వెళ్లాడు. తీరా చూస్తే గెలిచాడు. మిగతా అభ్యర్థులు సర్టిఫికెట్ కోసం ఆఫీసులోనే చప్పుడు లేకుండా కట్టుకుపోయారు, వాళ్లకు డప్పు మోగలేదు. పన్ను తగ్గిస్తాడని ఓటు వేశావా అని కొమురమ్మను అడిగాను.

"గది ఏడ తగ్గుతది సారూ! నిలవడ్డోళ్లంత ఎగ్గొట్టెటోళ్లే. కట్టిండని డప్పు గొట్టింది గాయినొక్కనికే గద!"

పన్ను తగ్గలేదు. వాగ్దానాన్ని జనం నమ్మరనీ, అయినా దాని చాటున దొరికే వాయిదాను మాత్రం వదులుకోరనీ ఆ వార్డు నాకు నేర్పింది. వాళ్లను కదిలించేది చెప్పినవాడు చేసిన పనే. ఈ సంగతి నాకన్నా నాయకులే త్వరగా నేర్చుకున్నారు. తర్వాతి ఎన్నికలప్పుడు రెండు పార్టీల అభ్యర్థులూ ఆఫీసుకు నడిచొచ్చి పన్ను కట్టి, రసీదు జేబులో పెట్టుకుంటూ సారయ్య ఎప్పుడొస్తాడని అడిగారు.