దేవుళ్ళను దాచిన శుక్రవారం

నా చిన్నప్పుడు దెయ్యాల కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది అమెరికాలో మా క్లాసు గోడ మీది ఒక బొమ్మ. పొడుగాటి నల్ల టోపీలు, వాటికి బెల్టుకుండేలాంటి పెద్ద పెద్ద బకిళ్ళు పెట్టుకున్న మనుషులు ఓడ దిగి, మోకాళ్ళ మీద కూర్చుని దండం పెడుతుంటారు. తమ దేవుణ్ణి ఇష్టమొచ్చినట్టు కొలుచుకోవడానికి వాళ్ళు ఇంగ్లండు నుంచి సముద్రం దాటి ఖాళీ నేల మీద అడుగు పెట్టారనీ, ఈ దేశాన్ని కట్టింది వాళ్ళేననీ టీచరు చెప్పింది. ఆ బకిళ్ళు చాలా కాలం తర్వాత బొమ్మలు గీసినవాళ్ళు తగిలించినవని నాకు తెలిసేసరికి నాకే పిల్లలు పుట్టారు. అప్పుడు మాత్రం అంతా నమ్మేశాను. ఎనిమిదేళ్ళ పిల్ల టీచరు మాట నమ్మక ఇంకేం చేస్తుంది?

అప్పట్లో మేము నార్త్ కరోలినాలో, క్యారీకి కాస్త దూరంలో ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. ఇప్పుడంటే ఈ చుట్టుపక్కల వీధికో తెలుగు ఇల్లుంది కానీ, అప్పుడు ఊరు మొత్తానికి మేమే. నాన్న ఆస్పత్రిలో డాక్టరు. అమ్మ నడవలోని తువ్వాళ్ళ అలమర ఖాళీ చేసి, అందులో వెంకటేశ్వరస్వామి పటం, ఇత్తడి లక్ష్మీదేవి, దీపపు కుందులు, గంట పెట్టి దాన్నే పూజగది అనేది. శుక్రవారం దీపం పెడితే ఆ నడవంతా సాంబ్రాణి వాసన వచ్చేది.

ఆ నవంబరులో నాన్నకి సిటిజెన్‌షిప్ ఇంటర్వ్యూ వచ్చింది. ఆ రోజుల్లో ఇద్దరు అమెరికన్లు వెంట వచ్చి, వీళ్ళు మంచివాళ్ళేనని సాక్ష్యం చెప్పాలి. ఒకరు నాన్నతో పనిచేసే పెద్ద డాక్టరు, రెండోవారు మా పక్కింటి ముసలావిడ. మామ్మగారూ అని పిలవమని అమ్మ నాకు నేర్పితే ఆవిడ ఆ పిలుపుకి చక్కగా పలికేది. సరిగ్గా ఆ వారమే స్కూలు బస్సులో పెద్ద క్లాసు అమ్మాయి ఒకతె మీరు ఏ చర్చికి వెళ్తారని అడిగింది. మేం వెళ్ళం, మా దేవుళ్ళు అలమరలో ఉంటారని, నాన్న ఇంటర్వ్యూ సంగతి కూడా చెప్పాను. దానికి ఆ అమ్మాయి, ఈ దేశం కట్టినవాళ్ళు తమ దేవుడి కోసమే కట్టుకున్నారు, బొమ్మలకి దండం పెట్టేవాళ్ళకి ఇక్కడ చోటు లేదు, ఆఫీసరుకి తెలిస్తే మిమ్మల్ని పంపేస్తాడు అంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే అదే నిజమైపోతుందేమోనని భయం.

ఇంటర్వ్యూ సోమవారం. శుక్రవారం సాయంత్రం అమ్మ మామ్మగారిని కాఫీకి పిలిచింది. ఆవిడ నడవలోంచి వస్తే అలమర కనబడుతుంది, కనబడితే ఆఫీసరుకి చెప్పేస్తుంది, మేం పోతాం. నా లెక్క అంతే. స్కూలు నుంచి రాగానే దేవుళ్ళందరినీ గంటా కుందులతో సహా తువ్వాళ్ళలో చుట్టి, వంటింటి పక్కనున్న బట్టలారబెట్టే డ్రైయర్‌లో పెట్టి తలుపు మూశాను. స్వామివారి పటాన్ని అన్నిటికంటే లోపలికి తోశాను. అక్కడైతే ఎవరూ చూడరనుకున్నాను.

మామ్మగారు వచ్చి వంటింట్లో బల్ల దగ్గర కూర్చుంది. నాన్న కూడా ముందుగానే వచ్చేశాడు. కాఫీ పొంగేలోపు అమ్మ హడావిడిగా తడి దుప్పట్లు తీసుకెళ్ళి, లోపలున్నవి తువ్వాళ్ళేగా అని వాటి మీదే కుక్కి డ్రైయర్ నొక్కేసింది. అమ్మా వద్దు అంటే మామ్మగారికి తెలిసిపోతుంది. ముందు గంట మోగింది. తర్వాత కుందులు దబదబా కొట్టుకున్నాయి, ఆ వెంటనే పటం అద్దం పగిలింది. అమ్మ పరుగున వెళ్ళి తలుపు లాగితే లక్ష్మీదేవి దొర్లుకుంటూ వచ్చి మామ్మగారి బూటు దగ్గర ఆగింది.

అమ్మ మొహం పాలిపోయింది. శుక్రవారంపూట దేవుడి పటం పగలడమా! నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టినా పర్వాలేదు, మామ్మగారు చూసేసిందే! నేను వెళ్ళి ఆవిడ మోకాళ్ళు పట్టుకుని భోరుమన్నాను. "మా ఇంట్లో దేవుళ్ళు లేరని చెప్పండి మామ్మగారూ, ప్లీజ్. మమ్మల్ని పంపేస్తారు."

ఆవిడ లక్ష్మీదేవిని తీసి, తన గౌనుతో తుడిచి, బల్ల మీద పెట్టింది. తర్వాత అడిగింది, ఇదంతా నీకు ఎవరు చెప్పారని. నేను చెప్పాను. నాన్న విని తల దించుకున్నాడు. మామ్మగారు తమ వాళ్ళ కథ మొదలుపెట్టింది. వాళ్ళు క్వేకర్లు, క్రైస్తవుల్లోనే ఒక శాఖ. పూజారి లేకుండా, ఊరికే మౌనంగా కూర్చుని ప్రార్థించుకుంటారు. మా టీచరు చెప్పిన ఆ దైవభక్తులూ, వాళ్ళ వెనకే వచ్చిన అలాంటివాళ్ళే ఉత్తరాన తమ కాలనీల్లో క్వేకర్లను కొరడాలతో కొట్టారట, కొందరికి చెవులు కోశారట, బోస్టన్‌లో ఉరి కూడా తీశారట. వాళ్ళు అడిగిన స్వేచ్ఛ వాళ్ళ వరకే. ఈవిడ ముత్తవ్వల్లో ఒకామెను బండికి కట్టి కొట్టి వెళ్ళగొడితే, ఆమె పిల్లలు దక్షిణానికి, ఈ అడవుల్లోకి వచ్చారు. అప్పుడు ఈ అడవులు కూడా ఖాళీగా లేవమ్మా, ఇక్కడున్నవాళ్ళ నేలే మేం తీసుకున్నాం, అది ఏ గోడ మీదా గీయరు అంది. దేశాన్ని కట్టడం ఆ ఓడ దిగిన నూటయాభై ఏళ్ళ తర్వాతి మాటనీ, ఆ కట్టినవాళ్ళు పదవికి వచ్చేవాణ్ణి నీ దేవుడెవరని అడగకూడదని రాజ్యాంగంలో రాసుకున్నారనీ చెప్పింది.

నాకు ఊరట కలిగిందనుకుంటున్నారా? చెవులు కోశారన్న దగ్గరే నేను ఆగిపోయాను. రెండు రోజులు టోపీ తియ్యకుండా తిరిగాను. మామ్మగారు మాత్రం ఆ సాయంత్రం అమ్మ చేత దీపం పెట్టించి, నొప్పుల మోకాళ్ళతో నడవలో కార్పెట్ మీద కూర్చుని, కళ్ళు మూసుకుంది. సోమవారం ఈ పిల్లని కూడా తీసుకురండి అని వెళ్తూ వెళ్తూ చెప్పింది.

ఆఫీసులో పొడుగాటి బల్ల, దాని వెనక కళ్ళజోడు ఆఫీసరు. పెద్ద డాక్టరుగారి పని చిటికెలో అయిపోయింది. మామ్మగారిని చెయ్యెత్తి దేవుడి మీద ప్రమాణం చెయ్యమన్నాడు. ఆవిడ చెయ్యి ఎత్తలేదు. "ప్రమాణం చెయ్యను. మా వాళ్ళు ఎప్పుడూ చెయ్యరు. ఉన్నది ఉన్నట్టు చెప్తాను." ఆఫీసరు కలం ఆగిపోయింది. నాన్న చేతిలో ఉన్న నా చెయ్యి చెమటకి జారిపోతోంది. అయిపోయింది, మా కొంప మా సాక్షే ముంచేసింది అనుకున్నాను. అతను కాగితం మీద ఒక మాట కొట్టేసి, మీరు నిజం చెప్తానంటే చాలు, చట్టం ఒప్పుకుంటుంది అన్నాడు. వీళ్ళు మీకెలా తెలుసని అడిగాడు.

"పక్కిల్లే. వాళ్ళింట్లో దేవుళ్ళున్నారు. దీపం పెట్టి నన్ను కూర్చోబెట్టారు."

నోరు మూసుకోండి మామ్మగారూ అని అరవాలనిపించింది. ఆఫీసరు తల కూడా ఎత్తలేదు. అలాగా అని, ఎన్నేళ్ళుగా తెలుసని తర్వాతి ప్రశ్న అడిగాడు.

తిరిగొచ్చేటప్పుడు కారులో ఆవిడ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. కొన్ని నెలలకి నాన్నకి సిటిజెన్‌షిప్ వచ్చింది. ఇన్నేళ్ళయినా నా భయం పోయిందని అబద్ధం చెప్పను. ఏ ఆఫీసు కిటికీ ముందు నిలబడినా, ఎవరైనా మీది ఏ ఊరని కాస్త గట్టిగా అడిగినా, ఇప్పటికీ నా అరచేతులకి చెమటలు పడతాయి. కానీ వణుకుతూనే ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను. భయం తగ్గాక చెబుదామని ఆగను, అది ఎలాగూ తగ్గదు.