ఆగిన యంత్రానికి టైము చెప్పడం

నేను చేసే ఉద్యోగం ఏమిటో మా నాన్నకి అర్థమయ్యేలా చెప్పడానికి చాలా కాలం పట్టింది. చివరికి మా వీధి మొగలో ఉన్న వాటాల ఇల్లు చూపించి చెప్పాను. ఒక పెద్ద కంప్యూటర్ ఉంటుంది నాన్నా, దాని లోపల వాటాలు వేస్తాం. ఒక్కో వాటాలో ఒక్కో ఉత్తుత్తి కంప్యూటర్ కాపురం ఉంటుంది. తను ఉత్తుత్తిదన్న సంగతి దానికి తెలియదు. ఇల్లంతా నాదే అనుకుంటుంది. పక్క వాటాలో ఇంకొకటి ఉన్నట్టు కూడా ఎరగదు. దానికా అనుమానం రాకుండా చూసుకోవడమే మా టీమ్ పని.

నాన్న చేతిలో దూది పక్కన పెట్టాడు.

"అంటే దాన్ని మోసం చేసినందుకు మీకు జీతం ఇస్తారా?"

"అంతే నాన్నా."

"బాగానే ఉంది," అని మళ్ళీ పనిలో పడ్డాడు. కనురెప్పల మీద దూది పేరుకుని ఉంది. ఆయన్ని తలుచుకుంటే ముందు ఆ తెల్లటి కనురెప్పలే గుర్తొస్తాయి.

మాది తెనాలిలో పరుపుల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. ఇంట్లో మేం మాట్లాడుకునేది తెలుగే. పెళ్ళిళ్ళకీ, దూరపు చుట్టాలొచ్చినప్పుడూ మాత్రం మంచి దుప్పటి తీసినట్టు ఉర్దూ బయటికి తీస్తాం. నా టీమ్ మొత్తం బెంగళూరులో ఉంటుంది. నేను మేడమీద గదిలో కూర్చుని పనిచేస్తాను. మీటింగుల్లో నేను నోరు విప్పితే చాలు, కింద నుంచి దూదేకే మిషను కూడా గొంతు కలిపేది. మొదట్లో మా లీడ్ అడిగారు, "మీ వెనక ఆ శబ్దం ఏంటండి?" అని. "మా నాన్నగారండి," అన్నాను. అప్పట్నుంచి అందరూ అలవాటు పడిపోయారు.

టీమ్‌లో నా వంతు, టైము. ఈ ఉత్తుత్తి కంప్యూటర్లని ఏదో అవసరానికి ఉన్నచోటే ఆపేసి, తర్వాత ఎప్పుడో లేపుతూ ఉంటాం. చిత్రమేమిటంటే, అది ఆగిందన్న సంగతి దానికి తెలియదు. లేచిన క్షణంలో అది ఇంకా ఆగిన క్షణంలోనే ఉన్నాననుకుంటుంది. మధ్యలో గంటలు గడిచాయో వారాలు గడిచాయో, ఎవరో ఒకరు చెప్పాలి. ఆ చెప్పడం ఎలా అన్నదాని మీదే నాకూ మా లీడ్‌కీ గొడవ.

ఆయన పద్ధతి, లేవగానే అసలు టైము మొహం మీద చెప్పేయడం. గడియారం ఒక్కసారిగా ముందుకి దూకుతుంది. లోపల నడుస్తున్న ప్రోగ్రాములు కొన్ని తట్టుకోలేక పడిపోతాయి కూడా. నా పద్ధతి, దాని గడియారాన్ని కాస్త వేగంగా తిప్పుతూ మెల్లమెల్లగా అసలు టైముకి చేర్చడం. ఏదీ పడిపోదు. "కానీ చేరేదాకా మీరు దానికి చెప్పేదంతా అబద్ధమే కదండి," అనేవారాయన. "పడిపోవడం కన్నా నయమే కదండి," అనేదాన్ని నేను. మూడో పద్ధతి కూడా ఒకటుంది. అసలు టైము వెంటనే చెప్పేసి, ఆగి ఉన్నప్పుడు దానికి అందకుండా పోయిన క్షణాలన్నీ వరసగా, ఒకటీ వదలకుండా దాని చేతికివ్వడం. అది గుదిబండ పనని ఇద్దరం పక్కన పెట్టేశాం. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో అందరూ అనేమాటే. ఆ వాదనల్లో ఆయనకీ తెలిసొచ్చింది.

ఆ ఎండాకాలంలో అక్కకి జ్వరం వచ్చింది. అక్కని బాపట్లలో ఇచ్చాం. బావది బట్టల వ్యాపారం, చీరాల నుంచి సరుకు తెచ్చుకుంటాడు. మామూలు జ్వరమే అనుకున్నారు. రెండ్రోజులకి మాట తడబడింది, ఆ సాయంత్రానికి స్పృహ లేదు. మెదడుకి వాపొచ్చిందన్నారు గుంటూరులో డాక్టర్లు. ఐసీయూ అద్దంలోంచి చూస్తే అక్క నిద్రపోతున్నట్టే ఉండేది.

నాన్న పొద్దున్నే గుంటూరు వెళ్ళి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి, పరుపు ముందు కూర్చునేవాడు. అక్క కోసం కొత్త పరుపు మొదలుపెట్టాడు. "లేచాక కూడా చాలాకాలం మంచం మీదే ఉండాల్సి వస్తుంది. ఒళ్ళు ఒరుసుకుపోకూడదు," అన్నాడు. దానికోసం రేపల్లె దగ్గర నగరం అనే ఊళ్ళో తనకు తెలిసినచోట ఏరిన బూరుగుదూది తెప్పించాడు. ఎవరికీ చెయ్యి పెట్టనివ్వలేదు. ఒక మధ్యాహ్నం నేను మీటింగులో ఉన్నాను. కింద ఏ అలికిడీ లేదని కాసేపటికి గానీ గమనించలేదు. దిగి వెళ్ళేసరికి నాన్న ఆ పరుపు మీదికే ఒరిగి ఉన్నాడు. చేతిలో దబ్బనం అలాగే ఉంది. గుండె, అన్నారు.

అక్కకి తెలియకుండా నాన్నని తీసుకెళ్ళిపోయారు. అంతకంటే నాకు మాటలు రావు.

వానలు మొదలయ్యాక అక్క కళ్ళు తెరిచింది. ఆనందపడాలో, భయపడాలో తెలియలేదు. ఆమె నోటి వెంట వచ్చిన మొదటి మాటల్లోనే నాన్న ఉన్నాడు. ఎండాకాలంలో పడిపోయిన మనిషి ఆమె. ఆమె లెక్కలో నాన్న నిన్న సాయంత్రం ఫోన్ చేసి జ్వరం ఎంతుందని అడిగాడు. డాక్టరుగారు మమ్మల్ని బయటికి పిలిచి, ఇప్పుడే చెప్పకండి, కాస్త నిలదొక్కుకోనివ్వండి అన్నారు. ఇంటికి పంపేటప్పుడూ అదే మాట. కానీ ఎప్పుడు, ఎలా చెప్పాలో ఎవరూ చెప్పలేదు.

తెనాలిలో మా మేడమీద గదిలో కూర్చున్నాం. అమ్మ గోడకి ఆనుకుని ఉంది. బావ ఆస్పత్రి నుంచి ఫోన్లో ఉన్నాడు. ఏం చేద్దామని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటుంటే నేను ముందుకొచ్చాను. ఈ పని నాకు తెలిసిందే అనిపించింది. నిజంగా అలాగే అనిపించింది. ఒక్కసారిగా చెప్తే తట్టుకోలేదు, కొంచెం కొంచెంగా జరుపుదాం అన్నాను. ముందు, నాన్న బూరుగుదూది కోసం నగరం వెళ్ళాడని చెప్దాం. తర్వాత రేపల్లెలో చిన్నాన్న ఇంట్లో ఆగాడందాం. తర్వాత ఒంట్లో బాగోలేదందాం. అక్కడ్నుంచి మెల్లగా అసలు మాటకి చేరుద్దాం.

"మరి నేను వెళ్ళకపోతే అడగదా?" అంది అమ్మ. అమ్మ అప్పుడు ఇద్దత్‌లో ఉంది. భర్త పోయిన మనిషి నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకుండా ఉండాలని మాలో ఆచారం.

"మోకాళ్ళ నొప్పులని చెప్తాలే అమ్మా."

నాన్న సగంలో వదిలేసిన పరుపు మిగతా సగం అప్పటికే అమ్మ కుట్టేసింది. దాన్ని ఆటోలో వేయించి బాపట్ల పంపింది. అక్క ఇంటికి వచ్చేసరికి మంచం మీద అది పరిచి ఉంది.

వీలున్నప్పుడల్లా నేను తెనాలిలో రైలెక్కి బాపట్లలో దిగేదాన్ని. దారిపొడుగునా చెప్పాల్సిన అబద్ధాన్ని లోలోపల సరిచూసుకునేదాన్ని. మొదటిసారి అక్క అడిగింది, "నాన్నేడే?" అని. బూరుగుదూదికి వెళ్ళాడని చెప్పాను. "ఊఁ," అంది. తర్వాతి సారి, రేపల్లెలో చిన్నాన్న వాళ్ళింట్లో ఉన్నాడన్నాను. "ఊఁ," అంది. ఆ తర్వాత, జ్వరం తగిలిందట అన్నాను. అప్పుడు నా చెయ్యి పట్టుకుని నొక్కింది, అంతే. అమ్మ మోకాళ్ళ గురించి రెండుసార్లు అడిగింది. ఫోన్లో అమ్మతో మాట్లాడేది, కానీ రమ్మని ఒక్కసారీ అనలేదు. ఏదీ పడిపోలేదు. నా పద్ధతి పనిచేస్తోందని లోపల కాస్త గర్వంగా కూడా ఉండేది.

ఆ వారం మీటింగులో నా డిజైన్ గురించి మళ్ళీ మాటొచ్చింది. పరీక్షలన్నీ పాసయ్యాయి, ఒక్క ఎర్రర్ రాలేదు అన్నాను. లీడ్ వెంటనే ఒప్పుకోలేదు. "ఎర్రర్ ఇవ్వట్లేదంటే నమ్మిందని కాదండి. లోపల ఏం రాసుకుంటోందో కూడా చూడండి," అన్నారు. చురుక్కుమంది. కింద మిషను ఆగిపోయాక నా మీటింగులు మరీ నిశ్శబ్దంగా ఉండేవి. ఆయన మాట ఆ నిశ్శబ్దంలో చాలాసేపు ఉండిపోయింది.

తర్వాత నేను బాపట్ల వెళ్ళిన రోజు పొద్దున్నుంచీ ముసురు. అక్క గోడకి దిండు వేసుకుని కూర్చుని ఉంది. కిటికీ తలుపు తీయమంది. తీశాను. జల్లు లోపలికి కొడుతోంది. బావ కొట్టుకి వెళ్ళాడు, ఇంట్లో మేమిద్దరమే.

"ఏమే," అంది, వానని చూస్తూనే. "వానల్లో బూరుగుదూది ఎవరు కొంటారే?"

పరుపుల కొట్లో పుట్టి పెరిగినదాన్ని. కాయ పగిలేది ఎండల్లో. వాన పడితే దూది తేమ పట్టి బరువెక్కుతుంది, నాన్న తాకను కూడా తాకడు. ఈ సంగతి అక్కకి తెలిసినంత నాకూ తెలుసు. కానీ ఆ అబద్ధం అల్లినప్పుడు నేను అక్క ఆగిపోయిన రోజు నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చాను. అక్కడింకా ఎండాకాలమే. ఆమె కిటికీలోంచి వానని చూస్తోందన్నది నాకు తట్టలేదు. నాలాంటి పని చేసేవాళ్ళకి తప్ప ఎవరికీ సాధ్యంకాని పొరపాటది.

"చిన్నాన్న వాళ్ళకి..." అని ఏదో మొదలుపెట్టాను.

"అమ్మ ఇద్దత్‌లో ఉందా?"

అంత మామూలుగా అడిగింది. చక్కెర ఉందా అని అడిగినట్టు. నేను తలూపాను. తలూపానో లేదో కూడా సరిగ్గా గుర్తులేదు. ఏడుపు మాత్రం ముందు నాకే వచ్చింది. నేను ఆమెని ఓదార్చాల్సింది పోయి, ఆ బక్క చేత్తో ఆమే నా తల నిమిరింది.

"మోకాళ్ళ నొప్పులైతే అమ్మ ఆగుతుందటే? పాకుతూనైనా వచ్చేది," అంది. "ఇంటికొచ్చిన రెండో రోజే అనుకున్నా. మీరు ఇంత కష్టపడి దాస్తుంటే, అడిగి మీ పరువు తీయడం ఎందుకులే అని ఊరుకున్నా. ఒక్కదాన్నే ఏడ్చుకున్నా."

ఈ మాట దగ్గర నేనిప్పటికీ ఆగిపోతాను. ఆమె పడిపోకూడదని మేం అంతా చేశాం. ఆమె పడిపోయింది. మాకు కనపడకుండా పడిపోయి, మా కోసం లేచి కూర్చుంది. తోడుగా ఏడవాల్సిన రోజుల్లో మేం ఆమె పక్కన కూర్చుని అబద్ధాలు అప్పజెప్పాం.

కొంచెం తేరుకున్నాక, కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇప్పుడు వరసగా చెప్పు," అంది. "నేను పడుకున్న రోజు నుంచి. ఏదీ వదలొద్దు."

మేం గుదిబండ అని పక్కన పెట్టేసిన మూడో పద్ధతి అదే. తర్వాత నా డిజైన్ నేనే వెనక్కి తీసుకుని, అసలు టైము వెంటనే చెప్పి, అందని క్షణాలని వరసగా అందించేలా మళ్ళీ రాశాను. అందుకు పట్టే శ్రమ అంతా మా వైపే పడుతుంది. పడాల్సింది మా వైపే. ఎందుకు మనసు మార్చుకున్నారని లీడ్ అడిగితే, వానలొచ్చాయండి అన్నాను. ఆయన రెట్టించలేదు.

ఆ మధ్యాహ్నం మాత్రం నాకు డిజైన్ ఏదీ గుర్తురాలేదు. చెప్పుకుంటూ వెళ్ళాను. గుంటూరు అద్దం ముందు నాన్న నిలబడటం, నర్సుని అమ్మా అమ్మా అని బతిమాలి ఒక్కసారి లోపలికి వెళ్ళి అక్క పాదాలు పట్టుకోవడం, తిరుగు బస్సులో ఎవరితోనూ మాట్లాడకపోవడం. స్నానం ఎవరు చేయించారని అడిగింది. చిన్నాన్న అన్నాను. భుజం ఎవరు పట్టారని అడిగింది. బావా, చిన్నాన్నా, బజార్లో పక్క కొట్టువాళ్ళూ అన్నాను. ఆ రోజు ఎండ ఎలా ఉందని అడిగింది. మంటగా ఉందన్నాను. మూడో రోజు ఎవరెవరు వచ్చారో, అమ్మ అన్నం ఎప్పుడు తిన్నదో, అన్నీ అడిగింది. ఒక్కోటీ విని, తల పంకించి, "తర్వాత?" అనేది.

చివరికి వెనక్కి వచ్చి అడిగింది, "పోయేముందు ఏం చేస్తున్నాడు?"

"నీ పరుపు కుడుతున్నాడు," అన్నాను. "సగమే అయింది. మిగతాది అమ్మ కుట్టింది."

అక్క దుప్పటి పక్కకి తీసి, తన కింద పరుపు మీద అరచెయ్యి పెట్టింది. నాన్న ముడి వేశాక దారం కొసని దబ్బనంతో లోపలికి దూర్చేస్తాడు, ఒంటికి గుచ్చుకోకుండా. అమ్మకి అంత ఓపిక ఉండదు, కత్తెరతో పైనే కత్తిరిస్తుంది. అక్క తలవైపు నుంచి మొదలుపెట్టి, ఒక్కో ముడినీ వేళ్ళతో తడుముతూ వచ్చింది. నడుము దాటి కొంచెం కిందికి వచ్చాక వేళ్ళు ఆగాయి. మళ్ళీ ఒక వరస వెనక్కి వెళ్ళి, మళ్ళీ ముందుకి వచ్చి చూసుకుంది.

"ఇక్కడిదాకా," అంది.