కొట్టేసిన ఇంటిపేరు

చెల్లి ప్రధానానికి ఇంకా ఆరు రోజులుంది. అమ్మా నాన్నా లేరు కాబట్టి పెళ్లి పనులన్నీ నావే. నందిగామలో నేను పాఠాలు చెప్పే స్కూలుకి సెలవు పెట్టి, దాని బాప్తిస్మం సర్టిఫికెట్ కోసం జగ్గయ్యపేటలో మా పాత చర్చికి వెళ్లాను.

పెళ్లిచూపులనాడు అబ్బాయి వాళ్ల తాతగారు మా ఇంటిపేరు ఎలా వచ్చిందని అడిగారు. అదొక ఊరి పేరు. ఆ ఊరితో మాకేం సంబంధమో నాకు తెలియదు. నవ్వి ఊరుకున్నాను. ఆ సంగతి పాస్టరుగారితో అంటే, ఆయన బీరువా అడుగునుంచి పాత రిజిస్టరు తీసి మా ముత్తాత పేరు వెతికిపెట్టారు.

ఆయన పేరు ముందు ఒక ఇంటిపేరు రాసి కొట్టేసి ఉంది. దాని పైన మా ఇంటిపేరు, పక్కన చిన్న అక్షరాల్లో 'భార్య తరఫుది' అని ఉన్నాయి. కొట్టేసిన పేరు కూడబలుక్కుని మళ్లీ చదివాను. అది అబ్బాయి వాళ్ల ఇంటిపేరు. స్వగ్రామం అన్న చోట వేదాద్రి పక్కనున్న ఊరు రాశారు. తాతగారు తమ సొంతూరని చెప్పిన ఊరూ అదే.

ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్ల వరస. నా మొహం చూసి ఏమైందని అడిగారు పాస్టరుగారు. ఏం లేదని చెప్పి, ఫోన్లో ఫొటో తీసుకుని పెనుగంచిప్రోలు ఆటో ఎక్కాను. నాన్న తరఫు పెద్దవాళ్లలో మిగిలిన మా మేనత్త అక్కడే ఉంటుంది.

అత్త వాకిట్లో మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. కొట్టేసిన పేరు చదివి వినిపించగానే ఆవిడ చేతులు ఆగిపోయాయి. ముత్తాత ఒక రైతు దగ్గర పాలేరుగా ఉండేవాడట. ఆయన తోలుకెళ్లిన ఎద్దు ఏట్లో పడి చచ్చిపోతే, కొడతారని భయపడి పారిపోయి జగ్గయ్యపేట చేరాడట. వెతుక్కుంటూ వస్తారేమోనని పిల్లనిచ్చిన మామ ఇంటిపేరు పెట్టుకున్నాడు. అక్కడ వదిలేసి వచ్చిన అన్న గుర్తొచ్చినప్పుడల్లా ఏడ్చేవాడని చెప్పింది అత్త.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదత్తా?"

"ఎవరికీ చెప్పొద్దని మా నాన్న ఒట్టేయించుకున్నాడమ్మా. ఇప్పుడు మాత్రం ఎవరికి తెలుసు? నువ్వా పుస్తకం చూళ్లేదనుకో. పిల్ల పెళ్లి కానీ."

తిరుగు ప్రయాణమంతా ఆ మాట నన్ను వదల్లేదు. చెల్లికి ముప్పై దాటాయి. ఎన్నో సంబంధాలు తప్పిపోయాక ఇది కుదిరింది. అబ్బాయితో మాట్లాడేటప్పుడు దాని గొంతే మారిపోతోంది.

ఇంటికి రాగానే దానికి చెప్పేశాను. ఫొటో వంక చూడనైనా చూడలేదు.

"నాలుగు తరాల కిందటి మాటక్కా. డిలీట్ చేసెయ్."

చెయ్యలేకపోయాను. రేపు పిల్లలు పుట్టాక ఎవరో ఒకరు ఈ సంగతి బయటపెడితే అప్పుడేం చెయ్యాలి? మర్నాడు తాతగారికి ఫోన్ చేశాను. రిజిస్టరులో ఉన్నదీ, అత్త చెప్పిందీ అంతా చెప్పాను.

"మా తాతకి తమ్ముడొకడు ఉండేవాడమ్మా," అన్నారాయన. "ఎద్దుతోపాటు ఏట్లో కొట్టుకుపోయాడనే అనుకున్నారు మావాళ్లు. శవం దొరకలేదు."

సంబంధం వద్దన్న మాట ఆయనే అన్నారు. నా చేత అనిపించలేదు.

ప్రధానం జరగాల్సిన రోజు అత్త ఫోన్ చేసింది. తాతగారు పెనుగంచిప్రోలు వచ్చి, గుమ్మంలోంచే 'చెల్లెమ్మా' అని పిలిచారట. అది చెబుతూ అత్త ఏడ్చింది. సంతోషమని చెప్పబోయాను. పక్కగదిలో చెల్లి తలుపేసుకుని పడుకుంది. మళ్లీ చేస్తానత్తా అని పెట్టేశాను.

నెల రోజులకి చెల్లి నాతో మాట్లాడింది. అబ్బాయి ఊసు మాత్రం ఎత్తదు. నేనూ ఎత్తను.