ఏడో పేజీలో ఏరు

ఆ సెమిస్టర్‌లో వెనింగ్ ఎనిమిది సబ్జెక్టులు తీసుకుంది. ఇండోనేషియాలోని బాండుంగ్‌లో మా ఇద్దరిదీ ఒకే హాస్టల్ గది. మా కాలేజీలో ల్యాబ్ రిపోర్టులన్నీ చేత్తోనే రాయాలి. ఒక్క కొట్టివేత కనబడినా పేజీ మొత్తం మళ్లీ రాయాల్సిందే. ఈ రూలు పెట్టిన మహానుభావుడి మీద నాకిప్పటికీ మంటే.

ఒక మధ్యాహ్నం వాన పడుతుంటే, వెనింగ్ వరండాలో కూర్చుని గొట్టంలో నీటి ప్రవాహం గురించి రాస్తోంది. వాన చప్పుడుకి కళ్లు మూతలు పడుతున్నాయి. కలం మాత్రం ఆగలేదు.

మర్నాడు రిపోర్టులు దిద్దే సీనియర్ తోగర్ ఏడో పేజీ దగ్గర ఆగి, పైకే చదివాడు.

"గొట్టం చివర మా ఊరి ఏరు మొదలవుతుంది. అమ్మమ్మ మోకాలి లోతు నీళ్లలో బట్టలు ఉతుకుతోంది. ఆమె రబ్బరు చెప్పు ఒకటి కొట్టుకుపోతోంది. నేను దాని వెనకే వెళ్తున్నాను."

వెనింగ్ ముఖం పాలిపోయింది. "నిద్రలో రాసేశానన్నా. ఆ పేజీ మళ్లీ రాసిస్తాను."

తోగర్ పేజీని వెలుతురుకి ఎత్తి చూశాడు. "ఒక్క కొట్టివేత కూడా లేదు కదే! మళ్లీ ఎందుకు?" అంటూ సంతకం పెట్టేశాడు. "ఇంతకీ చెప్పు దొరికిందా?"

"తెలీదన్నా, మెలకువ వచ్చేసింది."

గదికి రాగానే వెనింగ్ దుప్పటి కప్పుకుంది.

"ఏమే, క్లాసు లేదా?" అన్నాను.

"ఉంది. కానీ అమ్మమ్మ ఒంటి చెప్పుతో నిలబడి ఉందే," అని కళ్లు మూసుకుంది.