టేపు మాస్టారు

ఆ బడిలో సైన్సు మాస్టారిని పిల్లలు చాటుగా టేపు మాస్టారు అనేవాళ్లు. "మీ చేతులతో మీరే చేయాలి" అని ప్రతి ఏడూ గొంతు చించుకునేవాడు. తీరా ఎవరైనా స్క్రూడ్రైవర్ పట్టుకుంటే ఆయన చేతులు ఊరుకునేవి కావు. "ఇటివ్వు, ఒక్క నిమిషం" అంటూ లాక్కుని పని కానిచ్చేసేవాడు. ఇంట్లోనూ అదే తంతు. కూతురు తొమ్మిదో తరగతికొచ్చినా దాని పుస్తకాలకు అట్టలు ఆయనే వేయాలి. టేపు అతికిస్తే కొస కాస్త లోపలికి మడిచేవాడు, తర్వాత తీయడానికి వీలుగా. ఇంట్లో పంచదార పొట్లానికి కూడా ఆ మడతే.

ఆ ఏడు బడి తరఫున బెలూన్‌కు కట్టి పైకి పంపే పెట్టె చేసే పని అదే బడిలో చదివే కూతురి వంతుకొచ్చింది. పైకి పోయేకొద్దీ గాలి ఎంత చల్లబడుతుందో కొలిచే పెట్టె అది.

"నాన్నా, ఇదొక్కటీ నన్ను చేసుకోనివ్వు. ముట్టుకోనని మాటివ్వు" అంది.

మాటిచ్చాడు. ఇచ్చిన దగ్గర్నుంచీ చేతులు నలుపుకుంటూ తిరిగాడు. ఆ పిల్ల థర్మాకోల్ కోసింది, వైర్లు అతుకుతూ వేళ్లు కాల్చుకుంది, లోపలి సెన్సర్‌కు బయటి గాలి తగలాలని పక్కన చిన్న కన్నం పెట్టింది.

బెలూన్ వదిలే పొద్దున మైదానంలో అందరూ గ్యాస్ సిలిండర్ చుట్టూ మూగారు. బల్ల మీదున్న పెట్టెను మాస్టారు చూశాడు. కన్నం అంచులు వంకరటింకరగా ఉన్నాయి. తొందరలో పగలగొట్టుకుందనుకున్నాడు. పిల్లను పిలిచి అడిగితే ఏం పోయేది? అడగలేదు మహానుభావుడు. జేబులో టేపు ఉండనే ఉంది.

సాయంత్రానికి పెట్టె ఊరవతల పొలంలో దొరికింది. అంత ఎత్తుకు పోయొచ్చిందా, కంప్యూటర్లో చూస్తే వేడి ఏమాత్రం తగ్గలేదు. మూసిన పెట్టెలో బ్యాటరీ వేడినే కొలుచుకుని దిగింది.

"ఏమైంది మాస్టారూ?" అన్నాడు హెడ్మాస్టరు.

మాస్టారికి అప్పుడే అర్థమైంది. అయినా, "పిల్లల పని కదండీ. ఎక్కడో పొరపాటు చేసుంటారు" అన్నాడు.

కూతురు పెట్టె తిప్పి చూసింది. టేపు కొస మడిచి ఉంది. ఆ మడత పట్టుకుని లాగితే తేలిగ్గా ఊడొచ్చింది. దాన్ని గుప్పిట్లో నలిపేసింది.

"అవును సార్, నాదే పొరపాటు" అంది. బడిలో ఆయన్ని ఎప్పుడూ సార్ అనే పిలుస్తుంది.

ఇంటికొచ్చాక మాస్టారు కూతురి వెనకాలే తిరిగాడు. సిగ్గుతో మొహం చెల్లడం లేదు. "అది నువ్వు కావాలని పెట్టిన కన్నమని తెలీలేదమ్మా. రేపు హెడ్మాస్టరుగారికి చెప్పేస్తాలే."

ఆ పిల్ల పెట్టె, వైర్లు, కత్తెర తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"అక్కర్లేదు. ఇకనుంచి మీరే చేసుకోండి సార్."

వేళాకోళమనుకుని వంటింట్లోంచి తల్లి నవ్వింది. మర్నాడు పొద్దున కూడా ఇంట్లో ఆ పిల్ల ఆయన్ని సార్ అనే పిలిచింది.