పిన్ని పెళ్ళికి గోళ్ళరంగు

పోయిన ఆదివారం పాత ఫ్రిజ్ ఇచ్చేసి కొత్తది తెచ్చుకుందామని సామానంతా ఖాళీ చేస్తుంటే, తలుపు అరలో గుడ్లు పెట్టుకునే గుంటలో ఒక నెయిల్ పాలిష్ సీసా దొరికింది. నేరేడుపండు రంగు. మూత బిగుసుకుపోయింది, లోపల సరుకు గడ్డకట్టింది. మా ఆయన దాన్ని ఏదో మందనుకుని, గడువు తేదీ ఎక్కడ వేశారా అని కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తి తిప్పి తిప్పి చూశారు. నెయిల్ పాలిష్ చల్లటి చోట ఉంచితే చిక్కబడదని మా అమ్మాయి ఎక్కడో చదివి, ఒక ఏడాది వేసవి మొదట్లో మా ఫ్రిజ్‌లో పెరుగు గిన్నెకి చోటు లేకుండా చేసింది. నేను తాడేపల్లిగూడెంలో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెప్తాను. గూడెం నుంచి పాసింజరులో నిలబడి ఏలూరొచ్చి, అక్కణ్ణుంచి వట్లూరులో ఇంటికి చేరి, దాహంతో ఫ్రిజ్ తలుపు తీస్తే మంచినీళ్ళ సీసా కన్నా ముందు పాతిక రంగులు పలకరించేవి. అప్పుడు ఒళ్ళు మండేది. మొన్న మాత్రం ఆ సీసా పట్టుకుని వంటింటి గచ్చు మీద కూలబడి నవ్వుకుంటూ ఉండిపోయాను. మా ఆయన తేదీ దొరక్కుండానే హాల్లోకి వెళ్ళిపోయారు.

నాలుగేళ్ళ కిందటి మాట. మా పిన్నికి పెళ్ళి కుదిరింది. పిన్ని అంటే మా అమ్మకి ఆఖరి చెల్లెలు, నాకంటే ఆరేళ్ళే పెద్ద. అప్పటికి ఆవిడకి నలభై తొమ్మిది. తాతయ్య మంచాన పడితే చూసుకోవడం, తమ్ముణ్ణి చదివించడం, వాడికి ఉద్యోగం వచ్చేదాకా ఆగడం, ఇలా ప్రతి ఏడూ పెళ్ళి మాట వచ్చే ఏటికి జరుగుతూ పోయి, చివరికి ఆ మాట ఎత్తేవాళ్ళే లేకుండా పోయారు. ఆవిడ ఎవరి మీదా నిష్ఠూరమాడలేదు. దెందులూరు దగ్గర హైవే మీద తెల్లవారుతూనే కంపెనీ బస్సు ఎక్కి, ఇరవై రెండేళ్ళుగా రొయ్యల కంపెనీకి వెళ్ళి వస్తోంది. మొదట్లో పదేళ్ళకు పైగా ఐసులో వేసిన రొయ్యల తలలు తుంచి వొలిచే బల్ల దగ్గర పని. ఆ తర్వాత ఆవిడ పద్ధతి చూసి గేటు దగ్గర హైజీన్ చెకింగులో వేశారు.

ఆ చెకింగు సంగతి కాస్త చెప్పాలి. లోపల రొయ్యలు ముట్టుకునే ఆడవాళ్ళందరూ గేటు దగ్గర వరుసలో నిలబడి, రెండు చేతులూ చాచి, వేళ్ళు విడదీసి, ముందు గోళ్ళ వైపు, తర్వాత అరచేతుల వైపు చూపించాలి. గాజులుండకూడదు. ఉంగరం ఉండకూడదు. గోరు వేలు దాటకూడదు. నెయిల్ పాలిష్ సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు, ఒక్క పెచ్చు ఊడి రొయ్యల్లో పడిందంటే ఆ సరుకంతా ఆగిపోతుంది. పండక్కి ముచ్చటపడి రంగు వేసుకుని, మర్నాడు తుడుచుకోవడం మరిచిపోయి వచ్చిన పిల్లల్ని పక్కన నిలబెట్టి, దూదీ రిమూవరూ చేతికిచ్చేది మా పిన్నే. చిటికెన వేలి మూల ఆవగింజంత ఎరుపు మిగిలినా కనిపెట్టేసేది. ఆవిడకి చేతులే తెలుసు, మొహాలు సరిగ్గా తెలియవని కంపెనీలో చెప్పుకునేవారట.

అలాంటి మనిషి ఒక ఆదివారం చర్చి నుంచి తిన్నగా మా ఇంటికి వచ్చి, భోజనం చేసి, మా అమ్మాయి మంచం మీద పరిచిన సీసాల వంక కాసేపు చూసి, ఇవి గట్టిగా ఎన్నాళ్ళుంటాయమ్మా అని అడిగింది. చెకింగు కోసం అడుగుతోందేమో అనుకున్నాం. కాదు. పెళ్ళినాటికి తన గోళ్ళకి వేయించుకోవాలని ఉందట. ఆ మాట చెప్పడానికి ఆవిడ పడిన సిగ్గు చూసి నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాతి మాటకి నవ్వు ఆగిపోయింది.

"ఒక్క రోజమ్మా. ఆ ఒక్క రోజు నా చేతులు చూసినవాళ్ళు రొయ్యల కంపెనీ చేతులని అనుకోకూడదు."

నేను గబగబా లేచి పాత ఆల్బం తీశాను. ఎందుకు తీశానో నాకే తెలియదు. మా పెళ్ళి ఫొటోలో, మా అమ్మాయి బాప్తిస్మం ఫొటోలో, ఎక్కడ చూసినా పిన్ని మొహం ఉంది, చేతులు లేవు. పమిట కింద, లేకపోతే ముందు నిలబడ్డ పిల్లల వెనక. ఐసూ క్లోరిన్ నీళ్ళూ నానబెట్టి నానబెట్టి ఆవిడ గోళ్ళని గీతలు గీతలుగా, సుద్దముక్కల్లా చేసేశాయి. ఇన్నేళ్ళు ఆ చేతులతో వడ్డించిన అన్నం తిన్నాను, ఆవిడ వాటిని దాచుకుంటోందని గమనించలేదు. నా మీద నాకే కోపం వచ్చింది.

పెళ్ళికి ఇంకా అయిదు ఆదివారాలున్నాయి. నా స్వభావం ఏమిటంటే, ఏ పని తలపెట్టినా మొదట నేనే అడ్డు చెప్తాను, తర్వాత అందరికన్నా ముందు నేనే దూరిపోతాను. గోళ్ళకి వెన్నా కొబ్బరినూనే పట్టించడం నా వంతు, రంగుల విద్య మా అమ్మాయి వంతు. అది డిగ్రీ రెండో ఏడు చదువుతోంది, లేదా చదువుతోందని మేం అనుకుంటున్నాం. ఫోనులో వీడియో చూడటం, గూడెం ఫ్యాన్సీ షాపుల్లో నా చేత ఫలానా సీసా కొనిపించడం, ఆదివారం పిన్ని వేళ్ళ మీద ప్రయోగించడం. మొదటి వారం గిన్నెలో నీళ్ళ మీద రంగు చుక్కలు వేసి, చీపురుపుల్లతో సుడులు తిప్పి, అందులో గోరు ముంచితే పాలరాయి గీతలు వస్తాయంది. మా బోరు నీళ్ళలో చుక్క వేసినది వేసినట్టు అడుక్కి దిగి కూర్చుంది. తాగే నీళ్ళ టిన్నులోంచి పోస్తే చక్కగా విచ్చుకుంది గానీ, గోళ్ళతో పాటు వేళ్ళు రెండు కణుపుల దాకా పాలరాయి అయిపోయాయి. రెండో వారం కొల్లేరు గుర్తుగా బొటనవేలి మీద గూడబాతు బొమ్మ వేసింది. ముక్కు పెద్దదై, మెడ పొట్టిదై, అది టీ కెటిల్‌లా తేలింది. పిన్ని దాన్ని సాయంత్రం దాకా చూసుకుని మురిసిపోయింది. సాయంత్రం కాగానే తనే రిమూవర్ అడిగి తుడిచేసుకునేది, సోమవారం పొద్దున్న గేటు దగ్గర ఉండాలి కదా.

మూడో వారం పెట్టుడు గోళ్ళు. గోరు పొట్టిగా ఉంటే ఏ డిజైనూ నిలవదని మా అమ్మాయి పార్సిల్ తెప్పించింది. అవి అతికించాక పిన్ని ఫోను నొక్కలేకపోయింది, గుమ్మం గడియ తీయలేకపోయింది, అయినా పట్టుదలగా కొర్రమేను పులుసు కలుపుతానంది. పది నిమిషాల తర్వాత చూసుకుంటే ఉంగరం వేలి గోరు లేదు. ఇంకెవరింట్లో అయినా గరిటెతో నాలుగుసార్లు వెతికి, దొరక్కపోతే చూసుకుంటూ తినేవారు. మా పిన్ని పొయ్యి కట్టేసి, గిన్నె మీద మూత పెట్టి, ఫారిన్ బాడీ, అంటే కంపెనీ భాషలో సరుకులో ఉండకూడనిది, పడింది కాబట్టి ఎవరూ ముట్టుకోవద్దని ఆర్డరు వేసింది. కంపెనీలో లాట్ ఆపేసినట్టు మా పులుసు ఆపేసింది. జల్లెడ తెప్పించి, పులుసంతా వడకట్టి, ముక్కముక్కా పళ్ళెంలో పరిచి పరీక్ష చేసింది. మా ఆయన ఆకలితో గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్నారు. గోరు దొరకలేదు. చివరికి ఆవకాయతో తిని లేచాం. మధ్యాహ్నం పిన్ని జడ విప్పితే అందులోంచి రాలిపడింది.

పెళ్ళికొడుకు గురించి చెప్పలేదు కదూ. కలిదిండి ఆయన. చేపల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్ మోటార్లు బాగుచేస్తారు. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు. ఒకసారి కంపెనీలో లోపలి మోటారేదో ఆగిపోతే ఆయన్ని పిలిపించారు. గేటు దగ్గర పిన్ని ఆయన చేతులు చూసి, గోళ్ళలో గ్రీజు ఉందని వెనక్కి పంపింది. కడుక్కుని వచ్చారు, మళ్ళీ పంపింది. మూడోసారి ఆవిడే సబ్బిచ్చి దగ్గర నిలబడి కడిగించింది. లోపల మేనేజరు కేకలేస్తుంటే ఈయన మాత్రం, ఆవిడ చెప్పింది న్యాయమేనండీ అన్నారట. ఆ తర్వాత ఆ కంపెనీలో మోటార్లు తరచుగా ఆగిపోసాగాయని మా అమ్మాయి అంటుంది. నేను నమ్మను. అయినా ఆ మాట విన్నప్పుడల్లా పిన్ని లేచి మంచినీళ్ళకి వెళ్ళేది.

నాలుగో వారమూ ఏదీ కుదరలేదు. ఇక అయిదో వారానికి మా అమ్మాయికి అసలు ఉపాయం తట్టింది. గీతలు పడ్డ గోళ్ళని నున్నగా చూపించడం కన్నా, గీతలే డిజైను అనిపిస్తే సరి. నేరేడు రంగు వేసి, ఆరాక పాత దోమతెర ముక్క బిగించి పట్టుకుని, స్పాంజితో వెండిరంగు అద్దింది. తెర తీస్తే ప్రతి గోరు మీదా సన్నటి చేపపొలుసులు. అంత పొట్టి గోళ్ళ మీద, అంత అరిగిన గోళ్ళ మీద, మిలమిలా మెరుస్తూ. పిన్ని చేతులు వెలుతురులోకి తిప్పి చాలాసేపు చూసింది. ఆ సాయంత్రం రిమూవర్ అడగడానికి ఆవిడకి మనసొప్పలేదు, చీకటి పడ్డాక అడిగింది.

పెళ్ళి శనివారం పది గంటలకి. శుక్రవారం కూడా ఆవిడకి డ్యూటీ, షిప్‌మెంటు ఉందని సెలవివ్వలేదు. ఆ మధ్యాహ్నం నేను జాకెట్లకి హుక్కులు కుడుతుంటే గేటు చప్పుడైంది. చూస్తే పెళ్ళికొడుకు. లోపలికి రమ్మన్నా రారు, కూర్చోమన్నా కూర్చోరు. చేతులు రెండూ ప్యాంటు జేబుల్లో ఉన్నాయి. చాలాసేపటికి మా అమ్మాయి వైపు తిరిగి, జేబుల్లోంచి చేతులు తీశారు. కిరోసిన్‌తో తోమీ తోమీ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. గోళ్ళ సందుల్లో నలుపు మాత్రం అలాగే ఉంది.

"రంగులేం వద్దమ్మా. ఈ నలుపు పోతే చాలండీ. రేపు ఆవిడ చూస్తారు కదండీ."

మా అమ్మాయి నవ్వుతుందేమోనని భయపడ్డాను. అది నవ్వలేదు. వరండాలో పీట వేసి, గోరువెచ్చటి కుంకుడురసంలో ఆయన చేతులు నానబెట్టి, నిమ్మచెక్కా పాత బ్రష్షూ పట్టుకుని రెండు గంటలు కూర్చుంది. మూడుసార్లు నీళ్ళు మార్చాం. నాలుగోసారి నీళ్ళు తేటగా నిలిచాయి. ఈ సంగతి ఆవిడకి చెప్పొద్దని మా దగ్గర మాట తీసుకుని వెళ్ళిపోయారు.

శనివారం పొద్దున్నే పిన్ని చేతులు రెండూ దిండు మీద పెట్టి మా అమ్మాయి పని మొదలుపెట్టింది. అంతా అయ్యేసరికి ఎనిమిదిన్నర. రంగు త్వరగా ఆరాలంటే ఐసునీళ్ళలో ముంచాలని వీడియోలో చెప్పారట, అది గిన్నె నిండా ఐసుముక్కలు వేసి తెచ్చింది. పిన్ని ఆ గిన్నె వంక చూసింది.

"పెళ్ళిరోజున కూడా ఐసులోనే పెట్టమంటావా తల్లీ?"

మా అమ్మాయి గిన్నె వెనక్కి లాక్కుంది. తర్వాత పిన్నే నవ్వింది. ఆ నవ్వుకి నేనూ నవ్వి, ఆ వెంటనే కళ్ళనీళ్ళు పెట్టుకుని, గిన్నె తీసుకెళ్ళి సింకులో పారబోశాను. ఒక చేతికి నేనూ ఒక చేతికి మా అమ్మాయీ కూర్చుని అట్టముక్కలతో విసురుతుంటే, ఆరిందా అని మా ఆయన అయిదు నిమిషాలకోసారి వచ్చి చూసి పోయారు. ఆవిడ నోట్లో నేను ఇడ్లీ పెట్టాను. చిన్నప్పుడు నాకు తినిపించింది ఆవిడే.

చర్చి వెనక వరుసలన్నీ కంపెనీ ఆడవాళ్ళే. అందరూ పిన్ని గోళ్ళు చూడాలని మెడలు సాచి ఉన్నారు. ఉంగరాల వేళ పాస్టరు అయ్యగారు చెయ్యి చాపమ్మా అన్నారు. పిన్ని కంగారులో ఉంది. ఏళ్ళ తరబడి అలవాటైన కదలిక అదే వచ్చేసింది. రెండు చేతులూ ముందుకు చాచి, వేళ్ళు విడదీసి, ముందు గోళ్ళు చూపించి, చటుక్కున అరచేతులు తిప్పింది. వెనక వరుసల్లో ఒకరు కిసుక్కుమన్నారు, ఆ తర్వాత చర్చి మొత్తం నవ్వింది, అయ్యగారు పుస్తకం అడ్డం పెట్టుకున్నారు. పిన్ని మొహం కందిపోయింది. చేతులు మళ్ళీ పమిట కిందికి పోబోతున్నాయి. అప్పుడు పెళ్ళికొడుకు ఉంగరం అయ్యగారికిచ్చి, తన రెండు చేతులూ చాచి, వేళ్ళు విడదీసి, గోళ్ళు చూపించి, అరచేతులు తిప్పారు. నవ్వులు ఆగిపోయాయి. పిన్ని ఆ చేతులు చూసింది, గేటు దగ్గర చూసినట్టే, ఒక్కో గోరూ. ఆ నలుపు పోవడానికి ఏమేం చేయాలో ఆవిడకి తెలుసు.

"బావున్నాయండీ," అంది నెమ్మదిగా. "రండి, లోపలికి రండి."

మంగళవారం భోజనానికి కలిదిండి పిలిచారు. నేనూ మా అమ్మాయీ వెళ్ళాం. బుధవారం నుంచి పిన్ని డ్యూటీకి ఎక్కాలి. భోజనాలయ్యాక ఆవిడ గుమ్మంలో కూర్చుని దూదీ రిమూవరూ ముందు పెట్టుకుంది. బాబాయి దూది చించి అందిస్తున్నారు. ఒక్కో వేలి నుంచీ పొలుసులు తుడుచుకుపోతుంటే మా అమ్మాయి చూడలేక చెరువు గట్టు వైపు మొహం తిప్పుకుంది. తుడిచేముందు ఒక ఫొటో అయినా తీసుకుందామని అది అంటే, తుడిచాక తియ్యి అంది పిన్ని. తుడిచాక చేతులు కడుక్కుని వచ్చి, బాబాయి పక్కన కూర్చుని, ఆ గీతల గోళ్ళ చేతులు రెండూ ఒళ్ళో అందరికీ కనబడేలా పెట్టుకుంది. ఇప్పుడిక తియ్యమంది. ఆ తర్వాత ఈ నాలుగేళ్ళలో తీసిన ఏ ఫొటోలోనూ ఆవిడ వాటిని దాచలేదు. ఆ రంగు ఉన్నది నాలుగు రోజులే, ఇరవై రెండేళ్ళ సిగ్గు తుడిచిపెట్టుకుపోవడానికి అంతకంటే ఎక్కువ కాలం అవసరం లేకపోయింది.